కలకత్తాకు వచ్చిన క్యూరీ గారి అమ్మాయి

పిల్లలూ, మెట్రోలో కాళీఘాట్ నుంచి ఉత్తరంగా వెళ్తే తరువాత వచ్చే స్టేషను జతిన్ దాస్ పార్క్. మెట్లెక్కి పైకి వస్తే హజ్రా కూడలి. అక్కడికి దగ్గరలోనే, శ్యామాప్రసాద్ ముఖర్జీ రోడ్డు మీద, చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ పాత ప్రాంగణం ఉంది. మీలో చాలామంది ఆ దారిన వెళ్ళే ఉంటారు. ఆ ఆసుపత్రిని ప్రారంభించింది ఎవరో మాత్రం తెలిసి ఉండకపోవచ్చు.

అది 1950 జనవరి 2. మన దేశం గణతంత్రం కావడానికి ఇంకా 24 రోజులు ఉంది. దేశబంధు చిత్తరంజన్ దాస్ గారు తన ఇంటిని స్త్రీల వైద్యం కోసం ఇచ్చేశారు. ఆయన 1925లో చనిపోయాక, మరుసటి ఏడాది అక్కడ చిత్తరంజన్ సేవాసదనం మొదలైంది. ఆ సేవాసదనం నీడలోనే, డాక్టర్ సుబోధ్ మిత్రా గారి పట్టుదల వల్ల, క్యాన్సర్ రోగులకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి తయారైంది. దాన్ని ప్రారంభించడానికి పారిస్ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చారు. ఆమె పేరు ఐరీన్ జోలియో క్యూరీ. రేడియం కనిపెట్టిన మేరీ, పియరీ క్యూరీ దంపతుల పెద్ద కూతురు. ఆమె కూడా నోబెల్ బహుమతి అందుకున్నవారే.

క్యాన్సర్ ఆసుపత్రికి ఆమెనే ఎందుకు పిలిచారు? క్యాన్సర్‌ను కిరణాలతో నయం చేసే విద్యలో మూడు చిక్కు ప్రశ్నలున్నాయి. కిరణం సరిగ్గా ఎక్కడ పడాలి? ఎంత పడాలి? ఎన్ని విడతలుగా పడాలి? ఈ మూడింటికీ జవాబు తప్పితే, రోగాన్ని కాల్చాల్సిన కిరణం ఆరోగ్యంగా ఉన్న ఒంటినీ కాలుస్తుంది. ఐరీన్ గారి జీవితమంతా ఈ ప్రశ్నల మధ్యే గడిచింది. వాటికి ఆమె చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు.

ఐరీన్ 1897 సెప్టెంబరు 12న పారిస్‌లో పుట్టింది. అమ్మానాన్నలిద్దరూ పొద్దస్తమానం ప్రయోగశాలలోనే ఉండేవారు. అందుకని ఆమెను ఎక్కువగా పెంచింది తాతయ్య యూజీన్ క్యూరీ. ఆయన వైద్యుడు. చెట్టూ పుట్టా చూపించడం, పుస్తకం చదివించడం, తనకు సరి అనిపించింది నిర్భయంగా చెప్పడం ఆయన దగ్గరే ఆమెకు అలవాటయ్యాయి. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, 1906లో, తండ్రి పియరీ క్యూరీ రోడ్డు దాటుతూ గుర్రబ్బండి కింద పడి చనిపోయారు. ఇల్లు ఒక్కసారిగా మారిపోయింది. మరో నాలుగేళ్ళకు తాతయ్య కూడా పోయారు.

ఐరీన్ బడి మామూలు బడి కాదు. మేరీ క్యూరీ, ఆమె స్నేహితులైన కొందరు ఆచార్యులు కలిసి తమ పిల్లలకు తామే పాఠాలు చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఒకరి దగ్గర లెక్కలు, ఒకరి దగ్గర రసాయనశాస్త్రం, మేరీ దగ్గర భౌతికశాస్త్రం. ఒకరోజు ఒకరింట్లో, మరో రోజు ఇంకొకరి ప్రయోగశాలలో పాఠం. రెండేళ్ళు నడిచిందీ బడి. అమ్మ ఊళ్ళో లేనప్పుడు చదువు ఉత్తరాల్లో సాగేది. మేరీ ఉత్తరంలో లెక్కలు రాసి పంపితే, ఐరీన్ వాటిని చేసి తిరిగి పంపేది. నాన్నకు ఒక ఊరు, మనకు ఒక ఊరు అయిపోయి, ఫోన్లోనే హోంవర్కు చూపించే పిల్లలు మన బడిలో ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఈ ఉత్తరాల సంగతి వేరే చెప్పక్కరలేదు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఐరీన్‌కు అప్పుడు పదిహేడు నిండుతున్నాయి. తుపాకి గుండ్లు, బాంబు ముక్కలు ఒంట్లో దిగిన సైనికులు వేలల్లో ఆసుపత్రులకు వస్తున్నారు. ముక్క ఎక్కడుందో తెలియక వైద్యులు కత్తితో వెతికేవారు. వెతికిన ప్రతి చోటా మంచి కండ తెగేది, నెత్తురు పోయేది, గాయం చీము పట్టేది. మేరీ క్యూరీ మోటారు బళ్ళలో ఎక్స్-రే యంత్రాలు బిగించి యుద్ధభూమి వైపు నడిపించారు. సైనికులు ఆ బళ్ళకు చిన్న క్యూరీలు అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అలాంటి బళ్ళు దాదాపు ఇరవై, ఆసుపత్రుల్లో ఎక్స్-రే గదులు దాదాపు 200 ఆమె ఏర్పాటు చేశారు. ఐరీన్ అమ్మకు తోడుగా బయల్దేరింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి బెల్జియంలో, యుద్ధరంగానికి దగ్గరగా ఉన్న ఆసుపత్రిలో, ఎక్స్-రే పని ఒంటరిగా చూసుకునే స్థితికి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ఎక్స్-రే బొమ్మ ఒక నీడ. నీడలో ముక్క ఏ వైపుంది తెలుస్తుంది కాని ఎంత లోతులో ఉంది తెలియదు. గోడ మీద మీ చేతి నీడ చూసి, చెయ్యి గోడకు ఎంత దూరంలో ఉందో చెప్పలేరు కదా. కాని దీపాన్ని కాస్త పక్కకు జరిపితే నీడ కూడా జరుగుతుంది. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ కొంచెమే జరుగుతుంది, దూరంగా ఉంటే ఎక్కువ జరుగుతుంది. దీపం ఎంత జరిగింది, నీడ ఎంత జరిగింది అన్నది కొలిస్తే, సరూప త్రిభుజాలతో ఆ దూరం లెక్క కట్టవచ్చు. పదో తరగతి వాళ్ళు సిమిలర్ ట్రయాంగిల్స్ అని చదివేది అదే. ఐరీన్ ఎక్స్-రే గొట్టాన్ని రెండు స్థానాల్లో ఉంచి, రెండు నీడలు చూసి, ముక్క చర్మం నుంచి ఎంత లోతులో ఉందో చెప్పేది. ఈ జ్యామితి ఒక సైనిక వైద్యుడికి ఎంతకీ ఎక్కలేదు. ఆ అమ్మాయి ఓర్పుగా మళ్ళీ మళ్ళీ వివరించింది. ఆ లెక్క వల్ల కత్తి పడాల్సిన చోటే పడేది, చుట్టూ ఉన్న కండ బతికేది.

ఇంత పనిలోనూ ఆమె చదువు మానలేదు. 1915లో గణితం, 1916లో భౌతికశాస్త్రం, 1917లో రసాయనశాస్త్రం పరీక్షలు సోర్బాన్ విశ్వవిద్యాలయంలో మంచి శ్రేణిలో దాటింది. నర్సులకు ఎక్స్-రే పని నేర్పింది. అయితే ఆ రోజుల్లో యంత్రం నడిపేవారికి సరైన రక్షణ లేదు. సైనికుడి మీద ఒకటి రెండు నిమిషాలు పడే కిరణం, యంత్రం పక్కన నిలబడే అమ్మాయి మీద రోజంతా కొద్దికొద్దిగా పడుతూనే ఉండేది.

యుద్ధం ముగిశాక ఐరీన్ పారిస్ రేడియం సంస్థలో తల్లి దగ్గర పనిలో చేరింది. ఆ సంస్థలో రెండు భవనాలు, మధ్యలో చిన్న తోట. ఒక భవనంలో మేరీ క్యూరీ భౌతిక, రసాయన పరిశోధనలు. రెండోదానిలో క్లాడియస్ రెగో అనే వైద్యుడు కిరణాలు జీవకణాలను ఏం చేస్తాయో చూసేవారు. రేడియం ఒంటిని కాలుస్తుందని అంతకు ముందే తెలుసు. పియరీ క్యూరీ తన చేతి మీద రేడియం పెట్టుకుని చూస్తే ఆ పుండు వారాల తరబడి మానలేదు. మంచి కండనే ఇలా కాలుస్తుంటే, చెడ్డ గడ్డనూ కాల్చవచ్చు కదా అని వైద్యులకు అప్పుడే తట్టింది. చిక్కల్లా ఒకటే. గడ్డ చచ్చేంత మోతాదు ఒకేసారి ఇస్తే పైనున్న చర్మం కూడా చచ్చేది.

రెగో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో దీనికి దారి దొరికింది. మొత్తం మోతాదును ఒక్కసారే ఇవ్వకుండా, కొన్ని రోజుల మీద విడతలుగా పంచి ఇస్తే, లోపల అనుకున్న పని జరిగింది, పైన చర్మం మాత్రం నిలిచింది. కారణం ఇది. కిరణం తగిలినప్పుడు మంచి కణానికీ, క్యాన్సర్ కణానికీ లోపలి డీఎన్‌ఏ దెబ్బతింటుంది. మంచి కణం కొన్ని గంటల విరామం దొరికితే ఆ దెబ్బను చాలావరకు బాగుచేసుకుంటుంది. క్యాన్సర్ కణానికి సాధారణంగా ఆ నేర్పు తక్కువ. మర్నాడు మళ్ళీ దెబ్బ పడేసరికి అది ఇంకా కోలుకోక ముందే ఉంటుంది. ఇలా రోజులు గడిచేకొద్దీ రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. ఇవాళ ఏ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా కిరణాల చికిత్సను వారాల తరబడి ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఐరీన్ 1925లో డాక్టరేటు పొందారు. పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు ఆమె పరిశోధన విషయం. ఆ సంస్థలోనే పరిచయమైన ఫ్రెడరిక్ జోలియోను 1926లో పెళ్ళి చేసుకున్నారు. ఆమె నిదానం, మితభాషి. ఆయన చురుకు, మాటకారి. వారికి హెలెన్, పియరీ అని ఇద్దరు పిల్లలు. భార్యాభర్తలిద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. 1932లో వారి ప్రయోగంలోనే కనబడిన న్యూట్రాన్‌ను వారు గుర్తుపట్టలేకపోయారు. ఆ ఘనత ఇంగ్లండులో జేమ్స్ చాడ్విక్‌కు దక్కింది. దంపతులు నిరుత్సాహపడలేదు, ప్రయోగాలు కొనసాగించారు.

1934 జనవరిలో ఫలితం వచ్చింది. పలుచని అల్యూమినియం రేకు మీద పొలోనియం కిరణాలు పడేలా ఉంచి, తరువాత పొలోనియంను తీసేశారు. రేకు నుంచి కిరణాలు ఆగిపోవాలి. ఆగలేదు. కొద్ది నిమిషాల పాటు రేకే కిరణాలు వెదజల్లింది. అల్యూమినియంలో కొన్ని పరమాణువులు కొత్తరకం భాస్వరంగా మారాయి. ఆ భాస్వరం సుమారు రెండున్నర నిమిషాల్లో సగానికి తగ్గిపోతోంది. ప్రకృతిలో దొరికే రేడియంలాంటివే కాక, మనిషి తనకు కావలసిన రేడియోధార్మిక పదార్థాన్ని తయారు చేసుకోవచ్చని దానితో తేలింది. ఆ చిన్న గొట్టాన్ని వారు మేరీ క్యూరీకి చూపించారు. రేడియంతో ఏళ్ళ తరబడి పనిచేసి కాలిన వేళ్ళతోనే ఆమె దాన్ని అందుకున్నారు. అదే ఏడాది జులై 4న ఆమె రక్తం తయారుకాని జబ్బుతో కన్నుమూశారు. కూతురికీ అల్లుడికీ 1935లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆమె లేరు.

ఈ ఆవిష్కరణ వైద్యానికి ఎంత పనికొచ్చిందో చూడండి. రేడియం ఎంతో ఖరీదు, దొరకడమూ కష్టం. దాని బదులు అణు రియాక్టర్లలో తయారుచేసిన కోబాల్ట్-60తో 1951లో కెనడాలో చికిత్స మొదలైంది. తరువాత మన దేశంలోనూ కోబాల్ట్ యంత్రాలు లెక్కలేనంతమంది రోగులకు ఆధారమయ్యాయి. రేడియోధార్మిక అయొడిన్‌ను మింగిస్తే అది గొంతులోని థైరాయిడ్ గ్రంథిని వెతుక్కుంటూ పోతుంది. అక్కడి క్యాన్సర్‌ను అక్కడే దెబ్బతీస్తుంది. మన కోల్‌కతాలో ఉన్న మెడికల్ సైక్లోట్రాన్ ఫ్లోరిన్-18 అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది 110 నిమిషాల్లో సగమవుతుంది, అందుకే చేసిన వెంటనే ఆసుపత్రులకు పరుగెత్తించాలి. ఐరీన్ దంపతుల భాస్వరం విడుదల చేసిన పాజిట్రాన్లనే ఇదీ విడుదల చేస్తుంది. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడ దాగుందో పెట్ స్కాన్‌లో వైద్యుడికి చూపించేది అదే.

ఇంతటి పని చేసిన మనిషిని కలకత్తా ఒకే నెలలో రెండు శుభకార్యాలకు పిలిచింది. జనవరి 2న క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభం. జనవరి 11న మేఘనాథ్ సాహా గారు స్థాపించిన అణుభౌతిక సంస్థ ప్రారంభం. ఆ సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే సాల్ట్ లేక్‌లో ఉంది. ఒకచోట కిరణాన్ని అర్థం చేసుకునే పని, మరొకచోట కిరణంతో మనిషిని బతికించే పని. పారిస్‌లో తోటకు అటూ ఇటూ ఉన్న రెండు భవనాల్లాగే.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలాంటి చోట ఏం జరుగుతుందో చెప్తాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీన్ని కరెంటు పెట్టడం అంటారు. నిజానికి రోగి ఒంట్లోకి కరెంటు వెళ్ళదు. యంత్రం కరెంటుతో నడుస్తుంది, ఒంటిని తాకేది శక్తి ఎక్కువగా ఉన్న ఎక్స్-రే కిరణం. అది పెట్టడానికి ముందు కొన్ని రోజులు కేవలం లెక్కలకే పడుతుంది. మొదట రోగిని చికిత్సలో పడుకోబోయే భంగిమలోనే పడుకోబెట్టి సీటీ స్కాన్ తీస్తారు. తల, మెడ భాగాలకైతే కదలకుండా ఉండటానికి ముఖానికి సరిపోయే తొడుగు చేస్తారు. వైద్యుడు స్కాన్‌లోని ఒక్కొక్క పొర మీద గడ్డ అంచును గీస్తారు. దాని పక్కనే కాపాడవలసిన అవయవాలను కూడా గీస్తారు. వెన్నుపాము, గుండె, ఊపిరితిత్తులు, లాలాజల గ్రంథులు, ఇలా. తరువాత మెడికల్ ఫిజిసిస్టు కంప్యూటర్‌లో కిరణాల దారులు వేస్తారు. ఒకే దిక్కు నుంచి పంపితే దారిలోని మంచి కండంతా దెబ్బతింటుంది. అందుకని అనేక దిక్కుల నుంచి కొద్దికొద్దిగా పంపుతారు. దారిలో ఎక్కడా ఎక్కువ పడదు. అన్నీ కలిసే చోట, అంటే గడ్డ దగ్గర మాత్రం, కావలసినంత పడుతుంది.

మోతాదును గ్రే అనే కొలతలో చెబుతారు. కిలో కండకు ఒక జౌల్ శక్తి అందితే ఒక గ్రే. ఎంతోకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిలో రోజుకు 2 గ్రే, వారానికి 5 రోజులు, ఇలా కొన్ని వారాలు ఇస్తారు. గడ్డకు మొత్తం 60, 70 గ్రే దాకా వెళ్ళినా, ఈ లెక్కలో వెన్నుపాముకు 45, 50 గ్రే మించకుండా కాపలా కాస్తారు. అది దెబ్బతింటే కాళ్ళు పడిపోవచ్చు. ఎడమ రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిని చాలాచోట్ల గుండెల నిండా గాలి పీల్చి ఆపమంటారు. ఊపిరితిత్తులు నిండగానే గుండె రొమ్ము గోడకు దూరం జరుగుతుంది, ఆ క్షణాల్లోనే యంత్రం పనిచేస్తుంది. ఒక్క ఊపిరి గుండెను కాపాడుతుంది. నేటి క్లిష్టమైన ప్లానులను రోగి కంటే ముందు బొమ్మలాంటి దిమ్మ మీద పరీక్షించి, లెక్కా కొలతా సరిపోయాకే చికిత్స మొదలుపెడతారు. ఎన్ని వైపుల నుంచి చూస్తే లోపలి చోటు తెలుస్తుందని యుద్ధంలో ఐరీన్ వేసిన లెక్కకూ, నేటి ఈ లెక్కకూ మూలం ఒకటే జ్యామితి.

రోగి ఒంటిని కాపాడే లెక్క నేర్చుకున్న ఆ తరం తమ ఒంటి విషయంలో అంత జాగ్రత్తపడలేదు. ఐరీన్ గారికి యుద్ధకాలపు ఎక్స్-రేలు ఉన్నాయి, ఏళ్ళ తరబడి పొలోనియం ఉంది. 1946లో ప్రయోగశాలలో ఒక పొలోనియం గొట్టం పగిలి ఆమె ఆ ప్రభావానికి లోనయ్యారు. క్షయతో కూడా ఎన్నో ఏళ్ళు బాధపడ్డారు. అయినా పని ఆపలేదు. పారిస్ దగ్గర ఓర్సేలో కొత్త అణుభౌతిక ప్రయోగశాల కోసం ప్లాన్లు గీయించారు. అది పూర్తవడం చూడలేదు. 1956 మార్చి 17న, 58 ఏళ్ళకు, రక్త క్యాన్సర్‌తో ఆమె మరణించారు. మిగిలిన పనిని అందుకున్న ఫ్రెడరిక్ కూడా రెండేళ్ళకే వెళ్ళిపోయారు.

నేడు మన ఆసుపత్రుల్లో రేడియేషన్ గదిలో పనిచేసేవారి చొక్కాకు ఒక చిన్న బ్యాడ్జి ఉంటుంది. వారి మీద ఎంత కిరణం పడిందో అది లెక్క ఉంచుతుంది. దాన్ని కొన్ని నెలలకొకసారి పరీక్షకు పంపుతారు. గోడలు మందంగా ఉంటాయి. కిరణం వెలువడేటప్పుడు రోగి తప్ప గదిలో ఎవరూ ఉండరు. ఈ నియమాలు ఊరికే రాలేదు. మేరీ, ఐరీన్‌లాంటివారికి ఏమైందో చూశాకే ప్రపంచం వీటిని పట్టుగా పాటించడం నేర్చుకుంది.

చివరగా మీకొక మాట. మన సెలవుల ప్రయాణాల్లో, ఏ ఊళ్ళోనో, అమ్మమ్మకో పెద్దనాన్నకో ఈ చికిత్స జరుగుతుండవచ్చు. ఒంటి మీద రంగు గీతలో, సూదిమొనంత చుక్కలో కనబడతాయి. అవి కిరణానికి గుర్తులు. స్నానంలో చెరిగిపోకుండా చూసుకోవాలి, కాబట్టి మీరు తుడవకండి. వాళ్ళను ముట్టుకుంటే మీకు కిరణాలు అంటుకుంటాయని ఎవరైనా భయపెడితే నమ్మకండి. బయటి యంత్రంతో ఇచ్చే చికిత్సలో, యంత్రం ఆగగానే కిరణమూ ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. అయొడిన్‌లాంటి మందు మింగినప్పుడు మాత్రం డాక్టరు చెప్పిన కొద్ది రోజులు దూరంగా ఉండాలి. మిగతా రోజుల్లో వెళ్ళి పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. ఆరు వారాల పాటు రోజూ ఆసుపత్రికి వెళ్ళిరావడం అలసట. ఆ అలసటలో ఇంట్లో పిల్లలు దూరం జరిగితే వాళ్ళకు రోగం కంటే అదే ఎక్కువ బాధ.